నెయ్యి మైనస్ 12 కేసులట!

ప్రశ్న: రాజమహేంద్రవరంలో మాకు సబ్బులు, బిస్కెట్లు, నెయ్యి, అగరబత్తుల డిస్ట్రిబ్యూషన్ ఉంది. కంపెనీలకు ఆర్డర్లు పెట్టే పని ఇన్నేళ్లూ మా మామగారు చూసుకున్నారు. మోకాళ్ల నొప్పులతో ఆయన గోడౌనుకు రావడం తగ్గాక ఆ పని నాకు వచ్చింది. 2023 ఏప్రిల్ నుంచి 2026 మార్చి దాకా ఉన్న బిల్లులను మేం లెక్కలు రాసుకునే ట్యాలీ సాఫ్ట్‌వేర్ నుంచి ఎక్సెల్‌లోకి దించుకుని, అందులోనే ఉండే ఫోర్‌కాస్ట్ షీట్ అనే సాధనంతో వచ్చే ఆరు నెలల గిరాకీ అంచనా వేద్దామనుకున్నాను. మొదట ఏ గడిలో చూసినా హ్యాష్ నమ్ (#NUM!) అనే దోషమే. కొన్ని తేదీలు చేత్తో సరిచేశాక అంకెలు వచ్చాయి. కానీ రోజుకు 180 కేసుల (పెట్టెల) దాకా పోయే స్నానపు సబ్బుకు 36 చూపిస్తోంది. అర లీటరు నెయ్యి జాడీకి ఏకంగా మైనస్ 12 కేసులు! తప్పు ఎంత శాతమో చూద్దామని మేప్ (MAPE, తప్పుల శాతాల సగటు) లెక్క కడితే సగం గడుల్లో డివ్ జీరో (#DIV/0!) వచ్చింది. దోషం వచ్చిన చోట సున్నా చూపేలా ఇఫ్‌ఎర్రర్ ఫార్ములా పెట్టి దాన్ని తీసేశాను. మావారేమో మంచి సాఫ్ట్‌వేర్ కొనేద్దామంటున్నారు. మామగారు నవ్వుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

సమాధానం: ముందు సాఫ్ట్‌వేర్ కొనడం ఆపండి. మీరు రాసిన నాలుగు లక్షణాల్లో ఏ ఒక్కటీ ఎక్సెల్ లెక్క తప్పడం వల్ల వచ్చింది కాదు. ఇవే వరుసలను లక్షల ఖరీదు చేసే సాఫ్ట్‌వేర్‌లో పోసినా ఇవే జబ్బులు ఇంకాస్త అందమైన రంగుల్లో కనిపిస్తాయి, అంతే.

మీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చిన ఆధారం 180, 36 అనే రెండు అంకెలు. సరిగ్గా ఐదో వంతు. అంటే ఆ సబ్బుకు మీరు రోజుకు సగటున ఐదు బిల్లులు కొడుతున్నారని నా అనుమానం. ఏదో ఒక రోజు తీసుకోండి: ఐదు దుకాణాలకు 24, 36, 12, 60, 48 కేసుల చొప్పున వేశారు. కలిపితే 180. ఫోర్‌కాస్ట్ షీట్‌కు మీరిచ్చింది బిల్లు వరుసలు కాబట్టి ఒకే తేదీతో ఐదు వరుసలు ఉన్నాయి. అలాంటప్పుడు ఏం చేయాలో చెప్పే మీట, ఫోర్‌కాస్ట్ షీట్ నొక్కగానే తెరుచుకునే చిన్న కిటికీలో ఆప్షన్స్ అని రాసిన చోట, అడుగున దాక్కుని ఉంటుంది. దాని పేరు అగ్రిగేట్ డూప్లికేట్స్ యూజింగ్. మనం ముట్టుకోకపోతే అది యావరేజ్ మీదే ఉంటుంది. అంటే ఐదు బిల్లులనూ కలపదు, సగటు తీస్తుంది. 180ని ఐదుతో భాగిస్తే 36. ఎక్సెల్ మీకు చెబుతున్నది రేపటి అమ్మకం కాదు, రేపటి ఒక్కో బిల్లు సగటు సైజు. దాన్ని సమ్ మీదకు మార్చండి. అంతకన్నా మంచి పద్ధతి, పివట్ టేబుల్‌లో (వరుసలను కూడి పట్టికగా చూపే ఎక్సెల్ సాధనం) ఒక్కో సరుకుకు నెలవారీ మొత్తాలు ముందే తీసుకుని, ప్రతి నెలకూ ఒకటో తేదీ వేసి, ఆ 36 వరుసలను మాత్రమే ఫోర్‌కాస్ట్ షీట్‌కు ఇవ్వడం. మీరు కంపెనీకి ఆర్డరు పెట్టేది రోజూ కాదు కదా, రోజువారీ అంచనాతో మీకు పనేమిటి? పైగా రోజువారీ లెక్కలో ఆదివారాలు ఖాళీలుగా మిగులుతాయి. ఆ ఖాళీలను ఎక్సెల్ శని, సోమవారాల సగటుతో నింపేసి, మూసి ఉన్న గోడౌను నుంచి కూడా సరుకు పంపిస్తుంది.

ఇక హ్యాష్ నమ్. తేదీల మధ్య ఎడం సమానంగా కనిపించనప్పుడు ఎక్సెల్ అలా చేతులెత్తేస్తుంది. మీరు తేదీలు కొన్ని సరిచేశాక అది పోయిందన్నారు. నిజానికి నాకు భయం కలిగించింది ఆ మాటే. కంప్యూటర్ అమెరికా పద్ధతిలో నెలను ముందు, రోజును తర్వాత చదివేలా ఉంటే, 05-08-2025ను ఆగస్టు 5 అనుకోకుండా మే 8 అనుకుంటుంది. 25-08-2025 వచ్చేసరికి ఇరవై అయిదో నెల లేదు కాబట్టి దాన్ని తేదీగా కాక ఉత్త అక్షరాలుగా వదిలేస్తుంది. అలా వదిలేసినవి గడిలో ఎడమవైపుకు అంటుకుని ఉంటాయి కాబట్టి కంటికి కనిపిస్తాయి, మీరు సరిచేసినవి అవే అయ్యుంటాయి. నెలలో మొదటి 12 రోజుల తేదీలు మాత్రం బుద్ధిగా కుడివైపు కూర్చుని, తప్పుడు నెలల్లో ఉండిపోయి ఉంటాయి. దోషం చూపని తప్పు కాబట్టి ఇదే ఎక్కువ ప్రమాదం. ఇప్పుడున్న షీటును బాగుచేసే ప్రయత్నం చేయవద్దు, ఏది తారుమారైందో ఇక తెలియదు. ట్యాలీ నుంచి మళ్లీ దించండి. తెరిచేటప్పుడే తేదీ నిలువు వరుసను టెక్స్ట్‌గా తీసుకుని, తర్వాత డేటా ట్యాబ్‌లోని టెక్స్ట్ టు కాలమ్స్‌లో డేట్ దగ్గర డీఎంవై (రోజు, నెల, ఏడాది వరస) ఎంచుకోండి. అయ్యాక ఏదో ఒక నెల మొత్తాన్ని ట్యాలీలోని అదే నెల మొత్తంతో సరిచూసుకోండి. కేసుతో సహా కలవాలి. తిరిగొచ్చిన సరుకుకు రాసే క్రెడిట్ నోట్లను కూడా తీసివేసి చూడండి, లేకపోతే కలవదు.

నెయ్యి జాడీ మైనస్‌లోకి ఎందుకు పోయింది? ఎక్సెల్ వాడే పద్ధతి హోల్ట్, వింటర్స్ అనే పరిశోధకులు వరసగా 1957లోనూ, 1960లోనూ వేసిన దారిలోనిది: ఒక మట్టం, దాని మీద పెరుగుదలో తరుగుదలో, ఆపైన రుతువు హెచ్చుతగ్గులు. మూడింటినీ కూడుతుంది. వరసగా తగ్గుతూ వచ్చిన సరుకుకు ఆ తరుగుదల గీతను ముందుకు లాగితే సున్నా దాటి కిందకు పోతుంది. నెయ్యిని ఎవరూ మైనస్‌లో కొనరని ఆ లెక్కకు తెలియదు. ఫలితం మీద మాక్స్ ఫార్ములా వేసి సున్నా దగ్గర ఆపేయడం అందరూ చేసే పని. అలా చేస్తే అంకె మర్యాదగా కనిపిస్తుంది, కారణం మాత్రం అలాగే ఉంటుంది. అసలు ఆ జాడీ ఎందుకు తగ్గుతోందో చూడండి. కంపెనీ జాడీ తగ్గించి పౌచ్ తెచ్చిందా? ట్యాలీలో పౌచ్‌కు కొత్త స్టాక్ ఐటెం తెరిచి ఉంటారు. అప్పుడు పాత పేరు కింద అమ్మకం చచ్చిపోతూ కనిపిస్తుంది. కొత్త పేరు కింద ఎనిమిదో తొమ్మిదో నెలల చరిత్ర మాత్రమే ఉంటుంది. నెయ్యి అమ్మకం మాత్రం ఎక్కడికీ పోలేదు. బిస్కెట్లలో, సబ్బుల్లో ఇది మరీ ఎక్కువ. గ్రాములు తగ్గిస్తారు, ఎంఆర్‌పీ మారుస్తారు, ప్యాకింగ్ మారుస్తారు, ప్రతిసారీ మీ దగ్గర ఒక కొత్త పేరు పుడుతుంది. ఒక చిన్న పట్టిక రాసుకోండి: పాత పేరు, కొత్త పేరు, మారిన తేదీ. రెండింటినీ కేసుల్లో కలపవద్దు, కిలోల్లోకి మార్చి కలపండి. పాత కేసులో 24 జాడీలు, కొత్త కేసులో 40 పౌచ్‌లు ఉంటే కేసుల మొత్తానికి అర్థం లేదు. ఈ పట్టిక మీ మామగారి బుర్రలో ఇప్పటికే ఉంది. ఆయన నవ్వుకు కారణం అదే కావచ్చు, అడిగి రాయించుకోండి.

ఇప్పుడు మీరు అడగని విషయం ఒకటి. మిగతా అన్నిటికన్నా దీనిపైనే ఎక్కువ సమయం పెట్టమంటాను. ట్యాలీలో ఉన్నది మీరు అమ్మింది. మీరు వెతుకుతున్నది దుకాణదారులు అడిగింది. సరుకు ఉన్నన్నాళ్లూ ఈ రెండూ ఒకటే. దసరా ముందు నెయ్యి అయిపోయి వారం రోజులు లేదనిపించుకున్నారనుకోండి. ఆ వారం అమ్మకం సున్నా అని బిల్లులు చెబుతాయి. ఎక్సెల్ దాన్ని నమ్ముతుంది. వచ్చే దసరాకు తక్కువ తెప్పించమంటుంది. మీరు తక్కువ తెప్పిస్తారు, మళ్లీ అయిపోతుంది, మళ్లీ సున్నా నమోదవుతుంది. ఇలా ఏటేటా గిరాకీ పడిపోతున్నట్టు కాగితం మీద రుజువవుతుంది, గిరాకీ మాత్రం పక్క వీధిలోని మరో డిస్ట్రిబ్యూటర్ దగ్గర నిక్షేపంగా ఉంటుంది.

కాబట్టి ట్యాలీలో ప్రతి ముఖ్యమైన సరుకుకూ స్టాక్ ఐటెం మంత్లీ సమ్మరీ తెరవండి. నెలాఖరుకు నిల్వ సున్నాకు వచ్చిన నెలలు కనిపిస్తాయి, లోపలికి వెళితే తేదీలూ దొరుకుతాయి. ఒక నెలలో 26 పనిదినాలుంటే, చివరి ఆరు రోజులు సరుకు లేకుండా 120 కేసులు అమ్మారనుకుందాం. 20 రోజులకు 120 అంటే రోజుకు ఆరు. 26 రోజులకు 156. ఆ నెల గడిలో 120 బదులు 156 రాసి, గడికి రంగు వేసి ఉంచండి. నెలాఖరున టార్గెట్ల కోసం మీ సేల్స్‌మన్లు సరుకు తోసే అలవాటుంటే, పోయిన ఆ ఆరు రోజులు మామూలు రోజులు కావు. అప్పుడు 156 కూడా తక్కువే. సరుకు నెలంతా లేకపోతే ఆ నెల వరుసనే తీసేయండి. మొత్తంలో 30 శాతం దాకా ఖాళీలున్నా ఎక్సెల్ పక్క నెలల సగటుతో పూడ్చుకుంటుంది. సరుకు ఉండి కూడా ఎవరూ కొనని నెలకు మాత్రం మీ చేత్తో సున్నా రాయాలి. ఖాళీలన్నిటినీ సున్నాలుగా చూడమనే మీట ఒకటి అక్కడే ఉంది, దాని జోలికి పోకండి. మీ విషయంలో ఖాళీకీ సున్నాకూ తేడా తెలిసింది మీకే.

పండుగల సంగతి. సీజనాలిటీని, అంటే ఏటా తిరిగొచ్చే హెచ్చుతగ్గులను, ఎక్సెల్ తనంతట తాను కనిపెడుతుందని వదిలేయకుండా, సెట్ మాన్యువల్లీ దగ్గర 12 అని రాయండి. రెండు పూర్తి సంవత్సరాలైనా చరిత్ర ఉంటేనే రుతువు దొరుకుతుంది, మీకు మూడున్నాయి కాబట్టి ఫరవాలేదు. కానీ 12 అనగానే ఎక్సెల్ అర్థం చేసుకునేది జనవరి, ఫిబ్రవరి. మన దుకాణాల గిరాకీ నడిచేది పంచాంగంతో. సంక్రాంతి ఒక్కటే జనవరి 14, 15లను పట్టుకుని కదలకుండా కూర్చుంటుంది. దీపావళి 2023లో నవంబరు 12న, 2024లో అక్టోబరు 31న, 2025లో అక్టోబరు 20న వచ్చింది. 2026లో నవంబరు 8న వస్తుంది. మీ ఆరు నెలల్లోనే ఇంకా పెద్ద చిక్కు ఉంది. ఈ ఏడాది మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. ఆ నెల రోజులూ ముహూర్తాలుండవు, పెళ్లిళ్ల నెయ్యి ఉండదు. తర్వాత పండుగలన్నీ ఆలస్యంగా వస్తాయి. నిరుడు శ్రావణం జూలై 25న మొదలైంది, ఈసారి ఆగస్టు 13న. నిరుడు వినాయక చవితి ఆగస్టు 27న, ఈసారి సెప్టెంబరు 14న. కిందటి రెండేళ్ల అలవాటుతో ఎక్సెల్ మిమ్మల్ని జూలైలోనే శ్రావణం సరుకు దించుకోమంటుంది. నెయ్యి తెచ్చి మూడు వారాలు ఊరికే కూర్చోబెడితే ఇరుక్కునేది మీ డబ్బు.

దీనికి ఎక్సెల్‌లో మీట లేదు, చేత్తో చేయాలి. నెయ్యి, అగరబత్తుల వంటి నాలుగైదు సరుకులకు మాత్రం చేయండి, అన్నిటికీ వద్దు. పండుగ ముందు మూడు వారాల అమ్మకంలోంచి మామూలు వారాల అమ్మకాన్ని తీసేస్తే పండుగ తెచ్చిన అదనం తేలుతుంది. ఆ అదనాన్ని చరిత్రలోంచి తీసి పక్కన రాసుకోండి. మిగిలిన చదునైన అమ్మకానికి ఫోర్‌కాస్ట్ షీట్ వేయండి. వచ్చిన అంకెకు ఈ ఏటి పండుగ తేదీని బట్టి అదనాన్ని కలపండి. 2023లో అధిక శ్రావణం వచ్చింది కాబట్టి ఆ ఏడాది నిజ శ్రావణం ఆగస్టు 17న మొదలైంది. ఈ ఏటికి దగ్గరి పోలిక అదే, నిరుటిది కాదు.

నిరుటి సెప్టెంబరు గురించి కూడా ఒక మాట. స్నానపు సబ్బులు, బిస్కెట్ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి, నెయ్యి మీద 12 నుంచి 5 శాతానికి తగ్గింది 2025 సెప్టెంబరు 22న. పన్ను తగ్గుతుందన్న కబురు ఆగస్టు 15నే వచ్చింది, జీఎస్టీ మండలి నిర్ణయం సెప్టెంబరు 3న. పాత ధర సరుకు నెత్తిన పడుతుందని దుకాణదారులు కొనకుండా చేతులు కట్టుకుని కూర్చుని, 22 తర్వాత ఒక్కసారిగా ఎత్తి ఉంటారు. అదే రోజుల్లో చవితి, దసరా, దీపావళి కలిసిపోయాయి. మూడే మూడు సెప్టెంబరులున్న మీ షీటులో ఒకటి ఇలా వంకరపోతే, ఈ సెప్టెంబరు అంచనా కూడా వంకరగానే వస్తుంది. విడదీయడానికి మీ గోడౌనులోనే ఒక కొలబద్ద ఉంది. అగరబత్తులు అప్పటికే 5 శాతంలో ఉన్నాయి, వాటికి ఏమీ మారలేదు. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా అగరబత్తుల అమ్మకం నెలకు ఏ పాళ్లలో పంచుకుందో చూసి, సబ్బుల మూడు నెలల మొత్తాన్ని దాదాపు ఆ పాళ్లలో మళ్లీ పంచండి. సబ్బు గిరాకీ అగరబత్తిలా పండుగను అంటిపెట్టుకుని ఉండదు కాబట్టి పండుగ నెల వాటాను కాస్త తగ్గించుకోండి. మొత్తం మారదు, నెలల మధ్య సర్దుబాటే.

మేప్ విషయంలో మీరు పెట్టిన ఇఫ్‌ఎర్రర్‌ను ఇవాళే తీసేయండి. తప్పును అసలు అమ్మకంతో భాగించడమే మేప్. అమ్మకం సున్నా అయితే భాగించలేక డివ్ జీరో అంటుంది. దాని స్థానంలో మీ ఫార్ములా సున్నా పెడుతోంది కదా, అంటే ఏమీ అమ్మని నెలకు ఆరు కేసులు తెప్పించమన్న అంచనాకు తప్పు సున్నా శాతం అని మార్కులు వేస్తోంది. ఒక ఉదాహరణ కట్టి చూడండి. నాలుగు నెలల అమ్మకం 0, 2, 120, 80. అంచనా 6, 5, 110, 90. ఇఫ్‌ఎర్రర్‌తో సగటు తప్పు 43 శాతం వస్తుంది. సున్నా నెలను వదిలేస్తే 57. కానీ తప్పులన్నీ కూడి, అంటే 6, 3, 10, 10 కలిపి 29ని, అమ్మకాల మొత్తం 202తో భాగిస్తే 14 శాతం. అంచనా అదే, అంకెలు మూడు. రెండు కేసుల నెలలో మూడు కేసుల తప్పు 150 శాతమై మొత్తాన్ని మింగేసింది. మీ వ్యాపారానికి తగిన కొలత ఆ చివరిదే. తప్పుల మొత్తం, అమ్మకాల మొత్తం, భాగహారం. చిన్న పిల్లలు చేసే లెక్క.

మేప్‌కు ఇంకో దుర్గుణం ఉంది. ఎంత తక్కువ చెప్పినా తప్పు 100 శాతం దాటదు, ఎక్కువ చెబితే 300, 400కు పోతుంది. 40 అమ్మే చోట 10 చెబితే 75 శాతం, 10 అమ్మే చోట 40 చెబితే 300. రెండింట్లోనూ తప్పు 30 కేసులే. మేప్ చూసి పద్ధతి ఎంచుకునేవారు తెలియకుండానే తక్కువ చెప్పే పద్ధతిని ఎంచుకుంటారు. అందుకే గుర్తులతో సహా తప్పుల మొత్తం కూడా పక్క గడిలో వేయండి. అది ఎప్పుడూ ఒకే వైపు ఉంటే పద్ధతిలో వంకర ఉన్నట్టు. ఇన్‌క్లూడ్ ఫోర్‌కాస్ట్ స్టాటిస్టిక్స్ అన్న చోట టిక్కు పెడితే ఎక్సెల్ మేస్ (MASE) అనే కొలత ఇస్తుంది. హైండ్‌మన్, కోలర్ అనే పరిశోధకులు 2006లో ప్రతిపాదించిన ఈ కొలతకు సున్నా నెలలతో తంటా లేదు. 1 దాటితే మీ అంచనా, ఏ లెక్కా లేకుండా పాత అంకెనే తిరిగి రాసుకోవడం కన్నా అధ్వానం అని అర్థం.

మూడు నెలలకోసారి మాత్రమే కదిలే సరుకులుంటాయి. వాటికి ఫోర్‌కాస్ట్ షీట్ వేయకండి. 1972లో క్రోస్టన్ అనే పరిశోధకుడు చూపిన దారి సులువు: ఎన్నాళ్లకోసారి అడుగుతున్నారు, అడిగినప్పుడు ఎంత అడుగుతున్నారు అన్నవి విడివిడిగా చూడాలి. మూడు నెలలకోసారి 12 కేసులైతే నెలకు నాలుగని సగటు. కానీ నెలకు నాలుగు తెప్పించడం కాదు, ఎప్పుడూ 12 చేతిలో ఉంచుకోవడం మీకు కావాల్సింది.

ఇవన్నీ చేశాక పరీక్ష. ఫోర్‌కాస్ట్ స్టార్ట్ దగ్గర 2025 అక్టోబరు 1 వేయండి. ఆ తర్వాతి అమ్మకాలు ఎక్సెల్‌కు కనిపించవు. నవంబరు నుంచి మార్చి దాకా అది చెప్పినదాన్ని జరిగినదానితో పోల్చండి. పక్కనే అంతకు ముందటేడు అదే నెల అమ్మకాన్ని అంచనాగా పెట్టండి. మూడో వరుసలో మీ మామగారిని నిలబెట్టండి. ఆ నెల మొదట్లో ఉన్న నిల్వ, ఆయన పెట్టిన ఆర్డరు కలిపితే ఆయన అంచనా దాదాపు తేలుతుంది. సరుకు వారీగా ఎవరి తప్పు తక్కువో చూడండి. వేగంగా పోయే సబ్బుల్లో ఎక్సెల్, పండుగ సరుకుల్లో ఆయన గెలుస్తారని నా ఊహ. ఏ సరుకులో ఎవరు గెలిస్తే ఆ సరుకు వారికే అప్పగించండి. ఇందులో మొహమాటం పనికిరాదు, ఎక్సెల్ విషయంలోనూ, మామగారి విషయంలోనూ.

మీవారు అప్పటికీ సాఫ్ట్‌వేర్ అంటుంటే, అమ్మడానికి వచ్చినవారికి 2025 ఆగస్టు దాకా ఉన్న డేటా మాత్రమే ఇచ్చి, సెప్టెంబరు నుంచి మార్చి దాకా చెప్పమనండి. సరుకు లేని రోజులను ఎక్కడ గుర్తుపెట్టాలో, ఈ ఏటి దీపావళి తేదీ ఎక్కడ వేయాలో తెర మీద చూపించమనండి. చూపించగలిగితేనే ధర మాట్లాడండి.